బస్తర్‌లో రేషన్ బియ్యం: తూకం, దూరం

రేషన్ దుకాణంలో మోసం చిన్న చిన్న కొలతల్లో జరుగుతుంది. 35 కిలోలు రావలసిన కార్డుకు 30 తూచి 35 అని రాస్తారు. నెలలో రెండు రోజులు తెరిచి, మూడో రోజు వచ్చినవాళ్లకు సరుకు అయిపోయిందని చెబుతారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద, ఊళ్లో ఎవరూ ఎరుగని పేర్ల మీద కార్డులు నడుపుతారు. గోదాములో ఎత్తిన బస్తాలను ఊరికి రాకముందే వ్యాపారి కొట్టుకు తోలేస్తారు. ఈ పద్ధతులు దేశమంతటా ఒకటే. ఛత్తీస్‌గఢ్ దక్షిణాన ఉన్న బస్తర్‌లో వీటికి దూరం తోడైంది. ఇరవై కిలోమీటర్లు నడిచి వచ్చిన మనిషి తలుపు మూసి ఉంటే మర్నాడు మళ్లీ రాలేడు. వచ్చిన రోజున ఎంత తూచితే అంత తీసుకుని వెళ్లిపోతాడు. ఇక్కడ ప్రభుత్వాలు చేసిన ప్రతి ప్రయత్నమూ మొదట ఈ దూరంతోనే తలపడవలసి వచ్చింది. దాన్ని తగ్గించిన చోట మోసం తగ్గింది. తగ్గించలేని చోట ఎన్ని కంప్యూటర్లు పెట్టినా తగ్గలేదు.

1998 వరకు బస్తర్ ఒకే జిల్లా. విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే, అంటే కేరళ కంటే పెద్దది. ఇప్పుడది ఏడు జిల్లాల డివిజన్: బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా. మాడియా, మురియా, హల్బా, ధుర్వా, దోర్లా జనం ఎక్కువ. దక్షిణాన భోపాల్‌పట్నం నుంచి శబరి ఒడ్డునున్న కోంట దాకా సంతల్లో తెలుగు వినిపిస్తుంది. ఆ ప్రాంతపు బేరసారాలకు జగ్దల్‌పూర్ కంటే భద్రాచలం, చింతూరు, చర్ల దగ్గర.

రేషన్ రాకముందు ఇక్కడ అంగడంటే వారపు సంతే. అడవిలో దొరకనిది ఉప్పు. తూర్పు కోస్తా నుంచి బంజారాలు ఎద్దుల మీద ఉప్పు మోసుకొచ్చి, తిరుగు దారిలో ధాన్యమూ అటవీ ఫలసాయమూ తీసుకుపోయేవారు. తర్వాత వచ్చిన చిల్లర వ్యాపారులు సంతకు వచ్చే దారిలోనే కాపు వేసి, గంపలోని సరుకును కొలతకింత అని తీసేసుకునేవారు. వీళ్లను ఛత్తీస్‌గఢ్‌లో కోచియాలంటారు. కిలో సారపప్పుకు కిలో ఉప్పు ఇచ్చిన మారకం బస్తర్‌లో ఇటీవలి దాకా జరిగిన మాటే. సారపప్పు మైదానాల బజారులో ఏ ధర పలుకుతుందో తెలిసినవాళ్లకు అది ఎంతటి దోపిడీయో అర్థమవుతుంది. ఇచ్చేటప్పుడు ఒక కొలత, పుచ్చుకునేటప్పుడు ఒక కొలత. సోలి, పైలీ వంటి కొలపాత్రల అడుగు లోతు వ్యాపారి చేతిలో ఉండేది. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు రిజర్వు అడవులు, వెట్టి, పన్నులు ముఖ్య కారణాలు. అయినా ఆ ఫిబ్రవరిలో జనం మొదట విరుచుకుపడిన చోట్లలో పూస్పాల్ సంత ఒకటి. వ్యాపారుల ఇళ్లు కూడా దోపిడీకి గురయ్యాయి.

ప్రభుత్వం తిండిగింజల వ్యాపారంలోకి దిగింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. 1942 చివర కేంద్రంలో ఆహార శాఖ ఏర్పడింది. 1943 బెంగాల్ కరువు తర్వాత పట్టణాల్లో రేషన్ విస్తరించింది. 1955లో నిత్యావసర సరుకుల చట్టం, 1965లో భారత ఆహార సంస్థ వచ్చాయి. ఆ తొలి దశలో బస్తర్‌కు ప్రభుత్వం ఇచ్చినదాని కంటే తీసుకున్నదే ఎక్కువగా కనిపించింది. 1965-66 కరువు రోజుల్లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇక్కడి రైతుల మీద ధాన్యం లెవీ వేసింది. పాత సంస్థానాధీశుడు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్ వెంట ఆదివాసులు దాన్ని ఎదిరించారు. 1966 మార్చి 25న జగ్దల్‌పూర్ కోటలో పోలీసు కాల్పుల్లో ఆయనా, ఆయనతో ఉన్న ఆదివాసులూ చనిపోయారు. బియ్యం గురించి సర్కారు చెప్పే మాటను బస్తర్ చాలాకాలం అనుమానంతోనే విన్నది. ఆ అనుమానం అకారణమైనది కాదు.

1960ల చివర బస్తర్ కలెక్టరుగా వచ్చిన బ్రహ్మదేవ్ శర్మ వ్యాపారుల దోపిడీని పాలనా సమస్యగా చూసిన అధికారుల్లో ప్రముఖుడు. 1970ల్లో ఐదో ప్రణాళికతో పాటు ఆదివాసీ ప్రాంతాల్లో పెద్ద బహుళార్థ సాధక సహకార సంఘాలు పెట్టారు. వాటిని లాంప్స్ అంటారు. అప్పు, విత్తనం, అటవీ ఉత్పత్తుల కొనుగోలు, ఉప్పు, బియ్యం, కిరసనాయిల్ అమ్మకం ఒకే కప్పు కింద జరగాలన్నది ఆలోచన. కొనేవాడూ అమ్మేవాడూ ఒకే వ్యాపారి కావడమే దోపిడీకి మూలం కాబట్టి, రెండు పనులూ సంఘానికి ఇస్తే ఆ మూలం తెగుతుందని ఆశించారు. తెలుగు పాఠకులకు ఇది కొత్త కాదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీ సంతల్లో చింతపండు, కరక్కాయ కొంటూ, తన డీఆర్ డిపోల్లో రేషన్ సరుకులు అమ్ముతూ వచ్చింది. బస్తర్ సంఘాలకు అంత బలం రాలేదు. గుమాస్తా ఒకడు, ఊళ్లు ముప్పై, గోదాము బ్లాకు కేంద్రంలో. రేషన్ దుకాణాన్ని జనం సొసైటీ అనే పిలిచారు గాని, దాని తలుపు ఎప్పుడు తెరుచుకోవాలన్నది వాళ్ల చేతిలో లేదు.

1992 జూన్‌లో కేంద్రం కొండ, కరువు, ఆదివాసీ ప్రాంతాలకు సవరించిన పంపిణీ పథకం తెచ్చింది. బస్తర్ ఆ జాబితాలోకి వచ్చింది. ఐదేళ్లకు, 1997 జూన్‌లో, దేశమంతటా పేదలకొక ధర, తక్కినవాళ్లకొక ధర అనే విధానం అమలైంది. లక్ష్యం మంచిదే. దుకాణం దగ్గర మాత్రం అది దొంగతనానికి రెండు తలుపులు తెరిచింది. మొదటిది: ఒకే బియ్యానికి రెండు ధరలున్నప్పుడు తక్కువ ధర బియ్యాన్ని ఎక్కువ ధరకు అమ్మితే అడ్డుకునే దారి ఉండదు. రెండోది: దారిద్ర్య రేఖకు దిగువన ఎవరున్నారో తేల్చే జాబితా తప్పులతడక. జాబితాలో లేని నిరుపేద దుకాణం మీద అజమాయిషీ చేయలేడు. జాబితాలో ఉన్నవాడు పేరు పోతుందన్న భయంతో నోరెత్తడు. పేదలకు మాత్రమే అన్న దుకాణం మీద ఊరి గట్టివాళ్ల కన్ను కూడా ఉండదు.

డీలరు లెక్క కూడా చూడాలి. 2000 దశకం మొదట్లో ఛత్తీస్‌గఢ్‌లో రేషన్ బియ్యం మీద కమీషన్ క్వింటాలుకు 8 రూపాయలు. మూడు వందల కార్డులున్న దుకాణంలో కార్డుకు 35 కిలోల చొప్పున నెలకు 105 క్వింటాళ్లు కదిలితే చేతికొచ్చేది 840 రూపాయలు. అందులోనే దుకాణం అద్దె, హమాలీ కూలి, గోదాము నుంచి బండి కిరాయి, కాటా, తరుగు. నిజాయతీగా నడిపితే నెలనెలా నష్టమే. బజారు ధరకూ రేషన్ ధరకూ కిలోకు ఐదు రూపాయల తేడా ఉందనుకుంటే, రెండు క్వింటాళ్లు పక్కకు తప్పిస్తే నెల కమీషన్ కంటే ఎక్కువ మిగులుతుంది. నిత్యావసర సరుకుల చట్టం కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. సరుకు జప్తు చేసే అధికారం కలెక్టరుకు ఉంది. తెలుగు జిల్లాల్లో 6ఏ కేసులని పత్రికలు రాసేవి అవే. కానీ ఏడాదికి రెండు కేసులు పెట్టే తహసీలు భయం, ప్రతి నెలా ఎదురయ్యే ఈ లెక్క ముందు నిలవలేదు.

2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైంది. అజిత్ జోగి ప్రభుత్వం 2001లో రేషన్ దుకాణాలను ప్రైవేటు డీలర్లకు తెరిచింది. పెట్టుబడి ఉన్నవాళ్లు వస్తే దుకాణాలు పెరిగి సరుకు ఊళ్లకు చేరుతుందని అనుకున్నారు. మైదాన జిల్లాల్లోనే అది సరిగా జరగలేదు. బస్తర్‌లో డీలరు చాలాచోట్ల బ్లాకు కేంద్రంలోని వ్యాపారే. సంతలో ఇప్పపువ్వు, చింతపండు కొనేది అతడే, ధాన్యం పట్టేది అతడే, అప్పిచ్చేది అతడే. ఇప్పుడు సర్కారు బియ్యం కూడా అతడి గల్లాపెట్టె దగ్గరికే వచ్చింది. అప్పు కింద రేషన్ కార్డులు వ్యాపారి ట్రంకు పెట్టెలో ఉండటం దేశంలో అనేక ఆదివాసీ ప్రాంతాల్లో మామూలు సంగతి.

ఇదే సమయంలో సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు నడుస్తోంది. 2001 ఏప్రిల్‌లో పౌరహక్కుల ప్రజాసంఘం, పీయూసీఎల్, దాన్ని దాఖలు చేసింది. ఉత్తర్వుల అమలు చూడటానికి కోర్టు నియమించిన కమిషనర్లలో ఎన్.సి. సక్సేనాతో పాటు, ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో పనిచేసి విరమించిన ఎస్.ఆర్. శంకరన్ కూడా ఉన్నారు. 2003 మే 2న ఇచ్చిన ఉత్తర్వులో కోర్టు డీలర్ల మోసాలను పేరుపేరునా చెప్పింది: నిర్ణీత వేళల్లో దుకాణం తెరవకపోవడం, పేదలకు నిర్ణయించిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం, కార్డులను తన దగ్గర పెట్టుకోవడం, కార్డులో దొంగ పద్దులు రాయడం, సరుకును నల్లబజారుకు తరలించడం. వీటిలో ఏది చేసినా లైసెన్సు రద్దు చేయవచ్చంది. నెల సరుకును ఒకేసారి కొనలేని కుటుంబాలు వాయిదాల్లో కొనుక్కునే వీలుండాలని కూడా చెప్పింది. కూలి డబ్బుతో వారం వారం బతికే ఇంటికి ఈ చివరి మాట లైసెన్సు రద్దుకు తక్కువదేమీ కాదు. మొత్తం సొమ్ము చేతిలో లేక వదిలేసిన బియ్యమే డీలరుకు అన్నిటికంటే సులువుగా చిక్కే మిగులు.

2003 చివర రమణ్ సింగ్ ప్రభుత్వం వచ్చింది. మరుసటి ఏడాది తెచ్చిన 2004 ప్రజా పంపిణీ నియంత్రణ ఉత్తర్వుతో ఛత్తీస్‌గఢ్ తక్కిన రాష్ట్రాల దారి విడిచింది. ప్రైవేటు వ్యక్తులకు రేషన్ దుకాణం ఇవ్వకూడదు. గ్రామ పంచాయతీలు, మహిళా స్వయం సహాయక బృందాలు, లాంప్స్ వంటి సహకార సంఘాలు, అటవీ సంరక్షణ సమితులు మాత్రమే నడపాలి. డీలర్లు హైకోర్టుకు వెళ్లారు, వ్యాజ్యాలు కొంతకాలం సాగాయి. చివరికి ప్రభుత్వ నిర్ణయమే నిలిచి దుకాణాలు చేతులు మారాయి. మూడేళ్ల ముందు తామే లైసెన్సులిచ్చిన వర్గాన్ని పూర్తిగా పక్కన పెట్టడం ఏ రాష్ట్రానికీ తేలిక కాదు. రేషన్ డీలర్ల సంఘాలకు ఎన్నికల్లో ఉన్న పలుకుబడి తెలుగు రాష్ట్రాల వారికి తెలిసిందే. ఈ ఒక్క నిర్ణయానికి ఇవ్వవలసినంత ఘనత ఇవ్వాలి.

దుకాణం చేతులు మారినంత మాత్రాన లెక్క మారదని అధికారులు గ్రహించారు. కమీషన్‌ను నాలుగింతల మేర పెంచి క్వింటాలుకు 30 రూపాయల మీదికి తెచ్చారు. పైన చెప్పిన 105 క్వింటాళ్ల దుకాణానికి ఇప్పుడు నెలకు మూడు వేలకు పైగా వస్తుంది. తూకం వేసే మనిషికి జీతమిచ్చి ఇంకొంత మిగులుతుంది. మూల పెట్టుబడి కోసం దుకాణానికి 75 వేల రూపాయల వడ్డీలేని అప్పు ఇచ్చారు. అంతవరకు సరుకు విడిపించుకోవడానికి డబ్బు లేని బృందాలు మళ్లీ వ్యాపారి దగ్గరే చేయి చాచేవి. అప్పిచ్చినవాడు బస్తాలే తీసుకునేవాడు.

మూడో మార్పు బండిది. గోదాము నుంచి దుకాణం వరకు సరుకు తెచ్చుకునే భారం డీలరు మీద ఉన్నంత కాలం, దారి మళ్లింపు అక్కడే జరిగేది. ద్వార్ ప్రదాయ్ యోజన కింద రాష్ట్ర పౌర సరఫరాల సంస్థే సరుకును దుకాణం గుమ్మానికి చేర్చడం మొదలుపెట్టింది. ఆ సంస్థను ఛత్తీస్‌గఢ్‌లో పొడి అక్షరాలతో నాన్ అంటారు. రేషన్ లారీలకు పసుపు రంగు వేశారు. పసుపు లారీ ధాన్యం వ్యాపారి కొట్టు ముందు ఆగితే రోడ్డు మీద పోయే వాడికైనా తెలుస్తుంది. లారీ బయల్దేరగానే పేరు నమోదు చేసుకున్న ఊరివాళ్ల ఫోనుకు ఎన్ని బస్తాలు వస్తున్నాయో సందేశం వెళ్లే ఏర్పాటు చేశారు. టోల్‌ఫ్రీ ఫిర్యాదు కేంద్రం పెట్టారు. నెల మొదటి వారంలో పంపిణీ బహిరంగంగా జరిగేలా చావల్ ఉత్సవ్ పెట్టారు. పదిమంది ఎదుట కాటా వేస్తే ముల్లు ఎటు వాలుతుందో అందరూ చూస్తారు.

కంప్యూటర్లు వెనుక నుంచి పనిచేశాయి. 2007 నుంచి ధాన్యం సేకరణ, మిల్లింగ్, గోదాము, దుకాణం, కార్డు అన్నీ ఒకే లెక్కలోకి వచ్చాయి. ప్రతి దుకాణమూ నెలాఖరున ఘోషణా పత్రం ఇవ్వాలి: ఎంత వచ్చింది, ఎంత అమ్మింది, ఎంత మిగిలింది. మిగిలినది తీసేసి వచ్చే నెల కోటా ఇస్తారు. పాత కార్డులు తీసేసి, ఒకే చోట ముద్రించి, వరుస సంఖ్యలున్న కొత్త కార్డులు ఇచ్చారు. దొంగ కార్డులు పెద్ద సంఖ్యలో పోయాయి. నిజమైన పేదల కార్డులు కొన్ని వాటితో పాటే పోయాయి. ఏరివేత జరిగిన ప్రతిసారీ ఇదే జరిగింది, ఆ నష్టం ఎక్కువగా అడవి ఊళ్లదే.

ఇవన్నీ ఒక ఎత్తు, 2007లో వచ్చిన ముఖ్యమంత్రి ఖాద్యాన్న సహాయతా యోజన ఒక ఎత్తు. కేంద్రం లెక్కలో పేదలు కాని లక్షల కుటుంబాలకు రాష్ట్రం తన ఖర్చుతో కార్డులిచ్చి నెలకు 35 కిలోలు ప్రకటించింది. కిలో ధర 3 రూపాయలైంది. 2009లో 2 రూపాయలకు, కటిక పేదలైన అంత్యోదయ కుటుంబాలకు రూపాయికి దిగింది. ఉప్పు ఉచితం. రమణ్ సింగ్‌కు చావుర్ వాలే బాబా అని పేరొచ్చింది. 1983లో ఎన్టీ రామారావు 2 రూపాయల బియ్యంతో గెలుచుకున్న చోటే పాతికేళ్ల తర్వాత ఆయనా నిలబడ్డాడు. ధర తగ్గితే మోసానికి ఆశ పెరగాలి కదా అనిపిస్తుంది. బజారుకూ రేషన్‌కూ తేడా పెరిగిందన్నది నిజం. కానీ ఊళ్లో నాలుగిళ్లలో మూడింటికి పైగా కార్డున్నప్పుడు, రాని బియ్యం కోసం గొంతెత్తే వాళ్లు కూడా అన్ని ఇళ్లలో ఉంటారు. సర్పంచీ, బడిపంతులూ, కూలీ ఒకే కాటా ముందు నిలబడితే తూకం తగ్గించడం కష్టం. పరిమాణం అందరికీ ఒకటే కాబట్టి, 35 కిలోలు రావాలన్నది చదువురానివాళ్లకు కూడా నోటికి వచ్చిన అంకె అయింది.

ఫలితం జాతీయ నమూనా సర్వే లెక్కల్లో కనిపించింది. 2004-05లో ఛత్తీస్‌గఢ్ రేషన్ బియ్యంలో దాదాపు సగం ఇళ్లకు చేరలేదు. 2009-10 నాటికి చేరనిది పదో వంతుకు దిగింది. జాతీయ స్థాయిలో 2011-12లో కూడా ఆ దారి మళ్లింపు 40 శాతం పైనే ఉంది. ఆర్థికవేత్తలు జాన్ ద్రేజ్, రీతికా ఖేరా విద్యార్థుల బృందాలతో 2011లో తొమ్మిది రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో బియ్యానికి బదులు డబ్బిస్తే మేలా అని అడిగారు. ఛత్తీస్‌గఢ్‌లోనూ, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిమందిలో తొమ్మిదిమంది బియ్యమే కావాలన్నారు. బాగా నడిచే దుకాణం ఉన్నచోట జనం దాన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదు.

దుకాణదారు మోసం అనే ఈ సమస్యకు అమెరికాలోనూ ఇంతే వయసుంది. 1939 మేలో రోచెస్టర్ నగరంలో ఫుడ్ స్టాంపులు మొదలయ్యాయి. అదే ఏడాది అక్టోబరులో నిబంధన తప్పిన మొదటి దుకాణదారు పట్టుబడ్డాడు. అక్కడ దుకాణదారు స్టాంపులకు తక్కువ నగదు ఇచ్చి, పూర్తి విలువ సర్కారు దగ్గర వసూలు చేసుకునేవాడు. కాగితం స్టాంపుల స్థానంలో ఎలక్ట్రానిక్ కార్డులు 2004 నాటికి దేశమంతటా వచ్చాక ప్రతి అమ్మకమూ లెక్కకెక్కి, అనుమానపు పద్దులు దొరకడం మొదలైంది. అక్కడి కొట్టు ఎప్పుడూ ప్రైవేటుదే కాబట్టి నిఘా మీదే బరువు వేశారు. ఛత్తీస్‌గఢ్ కొట్టు యజమానినే మార్చింది. కౌంటరు మీద యంత్రం పెట్టే ముందు కౌంటరు ఎవరిదో తేల్చిన ఆ వరుస సరైనదే.

ఈ రాష్ట్ర సగటులో బస్తర్ కథ పూర్తిగా లేదు. సంస్కరణలు ఊపందుకుంటున్న 2005 జూన్‌లోనే ఇక్కడ మావోయిస్టులకు వ్యతిరేకంగా, ప్రభుత్వ అండతో సల్వా జుడుం మొదలైంది. బీజాపూర్, దంతెవాడ, సుక్మా ప్రాంతాల్లో వందల ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొంతమందిని రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. కొంతమంది అడవిలోకి, వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వెళ్లారు. లోపలి ఊళ్ల రేషన్ దుకాణాలు దోర్నపాల్, ఎర్రబోర్ వంటి రోడ్డు పక్క శిబిర గ్రామాలకు మారాయి. కార్డు ఊరి పేరు మీద, దుకాణం శిబిరంలో. అక్కడికి వస్తే మావోయిస్టు అని పట్టుకుంటారేమోనని భయం, తీసుకెళ్తే ఎవరి కోసం ఇన్ని కిలోలని తనిఖీ. తీసుకోని బియ్యం రిజిస్టరులో తీసుకున్నట్టు పడటానికి ఇంతకంటే అనువైన పరిస్థితి ఉండదు. ఇలా వెళ్లి భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్న వలస ఆదివాసులకు, అంటే గొత్తికోయలకు, చాలాకాలం ఇటు కార్డు లేదు, అటు కార్డు పనికిరాలేదు. 2011 జూలై 5న నందినీ సుందర్ కేసులో సుప్రీంకోర్టు, మావోయిస్టుల మీదికి ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. దుకాణాలు వెనక్కి వెళ్లడానికి ఆ తర్వాత కూడా ఏళ్లు పట్టింది.

సుక్మా జిల్లా జగర్‌గుండాకు దోర్నపాల్ నుంచి రేషన్ ఏడాదిలో కొద్దిసార్లే, పోలీసు బలగాల కాపలాలో లారీల వరుసగా వెళ్లేది. వానల్లో దారులు తెగే దుకాణాలను పహుంచ్‌విహీన్ కేంద్రాలంటారు. వాటికి జూన్ లోపే నాలుగు నెలల సరుకు చేర్చి నిల్వ చేస్తారు. నెల నెలా కోటా, నెల నెలా లెక్క అన్న నియంత్రణ అంతా అక్కడ పనిచేయదు. నాలుగు నెలల బస్తాలు ఒక్క గదిలో ఉంటాయి, తనిఖీకి వచ్చేవాళ్లు వాగు దాటలేరు. తడిసింది, ముక్కిపోయింది, ఎలుకలు తిన్నాయి అన్న మాట నిజమో కాదో తేల్చేవారు ఉండరు. నారాయణ్‌పూర్ జిల్లా కొండప్రాంతమైన అబూజ్‌మాడ్‌లో పలు పంచాయతీల దుకాణాలు ఓర్చా బ్లాకు కేంద్రంలోనే నడిచాయి. లోపలి ఊళ్ల ఆడవాళ్లూ మగవాళ్లూ కొండలు దాటి వచ్చి, రాత్రి అక్కడే వంట చేసుకుని పడుకుని, కావడి మీదా నెత్తి మీదా బియ్యం మోసుకెళ్లేవారు. ముప్పై అయిదు కిలోలు అంత దూరం మోయగలిగితేనే చేతికి వచ్చినట్టు.

సంఘాల చేతిలోని దుకాణాలు కూడా అన్నీ ఒక తీరుగా నడవలేదు. పంచాయతీ దుకాణమంటే చాలాచోట్ల సర్పంచ్, కార్యదర్శి కలిసి పెట్టిన సేల్స్‌మన్ దుకాణం. కొన్నిచోట్ల మహిళా బృందం పేరు బోర్డు మీద, తాళం పాత వ్యాపారి చేతిలో. అయినా పాతకాలంతో పోలిస్తే ఒక తేడా మిగిలింది. వ్యాపారి ఊరికి జవాబు చెప్పనక్కర్లేదు. సర్పంచ్ ఐదేళ్లకోసారి ఓటు అడగాలి, బృందంలోని మహిళ రోజూ అదే బావికి నీళ్లకు వెళ్లాలి.

2012 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఆహార, పోషకాహార భద్రతా చట్టం చేసింది. కేంద్ర చట్టం 2013 సెప్టెంబరులో వచ్చింది. రాష్ట్ర చట్టంలో ఇంటి పెద్ద స్త్రీ, కార్డు ఆమె పేరు మీద. ఆదివాసీ బ్లాకుల్లో రాయితీ ధరకు శనగలు కూడా చేరాయి. 2020లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం బస్తర్ డివిజన్‌కు కిలో 17 రూపాయల చొప్పున నెలకు 2 కిలోల బెల్లం ఇచ్చింది, రక్తహీనతను తగ్గించాలని. శనగలకూ బెల్లానికీ బజారులో గిరాకీ ఎక్కువ. కాబట్టి బియ్యం సరిగా పంచే దుకాణంలో కూడా ఇవి రావాల్సిన నెలలో రాకుండాపోయే ప్రమాదం ఎక్కువ.

దుకాణం దగ్గర దారి మూసుకుపోయాక మోసం పైకి ఎక్కింది. 2015 ఫిబ్రవరి 12న అవినీతి నిరోధక శాఖ రాయ్‌పూర్‌లోని నాన్ కార్యాలయం మీదా, మరికొన్ని చోట్లా దాడులు చేసింది. లెక్క చెప్పని నగదు భారీగా దొరికింది. నాసిరకం బియ్యాన్ని మిల్లర్ల దగ్గర లంచం తీసుకుని మంచివిగా గోదాముల్లోకి తీసుకున్నారన్నది ఆరోపణ. కేసు ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. తూకం సరిగా ఉండి బియ్యమే తినడానికి పనికిరాకపోతే ఊరివాళ్లు దుకాణం నడిపే మహిళనే తిడతారు. ఆమెకు మిల్లు మీద ఏ అధికారమూ లేదు. దీనితో ముడిపడినదే తెలుగు జిల్లాల్లో రీసైక్లింగ్ అనే దందా: రేషన్ బియ్యాన్ని కొని, మిల్లులో మెరుగు పెట్టి, కొత్త ధాన్యం ఆడించినట్టు చూపి మళ్లీ సర్కారు గోదాముకే చేర్చడం. ఛత్తీస్‌గఢ్‌లో ధాన్యానికి సర్కారు ఇచ్చే ధర దేశంలోనే ఎక్కువ స్థాయికి చేరాక, ఒడిశా సరిహద్దుల నుంచి ధాన్యం దొంగచాటుగా రావడమూ పెరిగింది. పాత కోచియాలు ఇప్పుడు ఈ పనిలో ఉన్నారు.

మరో మందు దుకాణంలో యంత్రం. రాయ్‌పూర్‌లో 2012లో కోర్ పీడీఎస్ మొదలైంది. నచ్చిన దుకాణంలో సరుకు తీసుకునే ఈ ఏర్పాటుకు మేరీ మర్జీ అని పేరు పెట్టారు. తూకం బాగాలేకపోతే మనిషి పక్క దుకాణానికి పోవచ్చు, ఆ భయంతో డీలరు దారిలో ఉంటాడు. పట్నంలో ఇది చక్కగా పనిచేసే ఆలోచన. పక్క దుకాణం పాతిక కిలోమీటర్ల అవతల ఉండే బీజాపూర్ జిల్లా కుట్రు, భైరంగఢ్ ప్రాంతాల్లో ఎంచుకోవడానికి ఏముంది? ఆంధ్రప్రదేశ్ 2015 నుంచి వేలిముద్రతో పనిచేసే ఈపాస్ యంత్రాలను ముందుగా విస్తరించింది. వేళ్లు అరిగిన కూలీలకూ, ముసలివాళ్లకూ ముద్ర పడక తిప్పలు వచ్చాయి. పైగా వేలిముద్ర తీసుకున్నంత మాత్రాన ఎన్ని కిలోలు తూచారో యంత్రానికి తెలియదు. కాటాను యంత్రానికి కలిపితే తప్ప ఆ లోటు తీరదు. బస్తర్‌లో సిగ్నల్ లేని దుకాణాల్లో రిజిస్టరుతోనే పని సాగింది. ఇంటి గుమ్మానికే సరుకు తేవాలని ఆంధ్రప్రదేశ్ 2021 జనవరిలో 9,260 వాహనాలు దింపి, ప్రభుత్వం మారాక 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాలకే తిరిగింది.

2019 అక్టోబరులో ఛత్తీస్‌గఢ్ దాదాపు అందరినీ రేషన్ కిందికి తెచ్చింది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు ఏర్పాటులో 2022 ఫిబ్రవరిలో, దాదాపు అన్ని రాష్ట్రాల తర్వాత, చేరింది. 2023 జనవరి నుంచి కేంద్ర చట్టం కింద బియ్యం ఉచితం. ఆ ఏడాది మార్చిలో దుకాణాల నిల్వలు లెక్కకు తక్కువగా ఉన్నాయన్న వివాదం శాసనసభలో చెలరేగింది. ఘోషణా పత్రంలో మిగిలిందని చూపిన బియ్యం దుకాణంలో లేదన్నది ఆరోపణ. మిగులును తీసేసి కోటా ఇవ్వాలన్న 2007 నాటి నియమం ఎంత ముఖ్యమైనదో అప్పుడు మళ్లీ తేలింది. కోవిడ్ కాలంలో అదనపు బియ్యం వరుసగా వచ్చి, మిగులు తీసివేత నిర్లక్ష్యమైన చోటల్లా తేడా పేరుకుంది.

2024 ఫిబ్రవరిలో విష్ణుదేవ్ సాయ్ ప్రభుత్వం నియద్ నెల్లానార్ పథకం ప్రకటించింది. కొత్తగా వెలిసిన భద్రతా శిబిరాలకు మొదట 5 కిలోమీటర్ల లోపలి ఊళ్లను ఎంచుకుని రేషన్ కార్డు, దుకాణం, ఉచిత బియ్యం, శనగలు, ఉప్పు, బెల్లం, చక్కెరతో పాటు రోడ్డు, కరెంటు, బడి ఇస్తామంది. సుక్మా జిల్లా పువర్తి వంటి, ఏళ్ల తరబడి అధికారి అడుగుపెట్టని ఊళ్లు దీని కిందికి వచ్చాయి. శిబిరం పక్కనే దుకాణం రావడం మీద ఆదివాసుల్లో అభ్యంతరాలున్నాయి. శిబిరాల భూమి మీద సిలిగేర్‌లో 2021 మే నుంచి జనం నిరసనకు కూర్చున్నారు. ఈ ఊళ్లలో దుకాణం నడిపే బాధ్యత 2004లో మొదలైన నియమం ప్రకారం పంచాయతీకో మహిళా బృందానికో దక్కాలి. కార్డు చేతికి రావాలంటే ముందు ఆధార్ ఉండాలి, ఆధార్ కావాలంటే బ్లాకు కేంద్రానికి నడవాలి, లేదా నమోదు బృందం ఊరికి రావాలి. శిబిరాలకు దూరంగా ఉన్న ఊళ్ల వాళ్లు రోడ్డు పక్క దుకాణానికే నడిచి వస్తున్నారు.